నేను చంపిన అత్తగారు

ఆ నవలకి ఓట్లు అడిగింది నేనే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

వానలు మొదలవబోతున్న రోజులు. ఫ్యాక్టరీలో పాత నవల అయిపోయింది, కొత్తది ఎంచుకోవాలి. చుట్టలు చుట్టే పెద్ద హాలుని మేం గలేరా అంటాం. అక్కడ బల్లల వరసల్లో కూర్చున్న వాళ్ళందరి చేతులూ పొగాకు మీద ఉంటే చెవులు మా నాన్న మీద ఉండేవి. ఎత్తైన అరుగు, దాని మీద కుర్చీ, ముందు మైకు. పొద్దున పేపరు చదివేవాడు, మధ్యాహ్నం నవల. ఆయన చేసిన ఉద్యోగం జీవితమంతా అదే.

ఏ నవల చదవాలో చెప్పేది మేనేజరు కాదు, చుట్టలు చుట్టేవాళ్ళే. చేతులెత్తి ఓటేస్తారు. చదివింది నచ్చితే ఆకులు కోసే కత్తి వెనక వైపుతో బల్ల మీద టకటకా కొడతారు. అందరూ ఒక్కసారి కొడితే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టే ఉంటుంది. నచ్చకపోతే ఆ కత్తినే నేల మీద పడేస్తారు. ఆ ఇనుప చప్పుడు విన్న రోజు నాన్న అన్నం సహించేది కాదట. అలాంటి రోజులు ఆయనకి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

నాన్న పేరు లియోవిహిల్దో. అందరికీ లియో మాస్టారు. ఏళ్ళ తరబడి ఒకే నవలని ఓటుకి పెట్టి ఓడిపోతూ వచ్చాడు. దాని పేరు ‘సముద్రం వెనక్కి పోయిన ఏడు’. ఇటికంత పుస్తకం. రాసినాయన పోయి వందేళ్ళు దాటింది. చాలా గొప్పదని అందరూ ఒప్పుకుంటారు గానీ చదివినవాడు ఒక్కడూ కనబడడు. మా ఇంట్లో కాపీ అట్ట ఊడిపోతే అమ్మ రెండుసార్లు కుట్టింది.

నేను పక్క గదిలో పొగాకు ఈనెలు తీసే పనిలో ఉండేదాన్ని. ఆ ఏడు నాన్న మొహం చూడలేక బల్ల బల్లకీ తిరిగాను.

“ప్రేముందా అందులో?” అంది తొమాసా. గలేరాలో దాని నోటికి భయపడనివాళ్ళు లేరు.

“ఉందక్కా. ఉప్పు మళ్ళ యజమాని కోడలు, పడవవాడు.”

“ఎన్నో పేజీలో మొదలు?”

“రెండో పేజీ నుంచే.” అబద్ధం. నేనప్పటికి ఆ పుస్తకం అట్ట దాటి చదివిందే లేదు.

“మరియ తల్లి మీద ఒట్టేసి చెప్పు.”

ఒట్టేశాను. పక్క బల్ల ముసలి ఉల్పియానో నవ్వాడు. “ఒసే మిగ్దాలియా, మీ నాన్న కోసం నరకానికి పోతావే నువ్వు,” అని చెయ్యెత్తాడు. అలా గెలిచింది నవల, బొటాబొటీగా.

నాన్న చదువుతుంటే మాత్రం బాగానే నడిచింది. ఆయన గొంతులో పడితే పన్ను రసీదు కూడా కథలా వినిపించేది. ఉప్పు మళ్ళూ, గాలీ, ఆ పెద్ద ఇల్లూ, ఆ ఇంటి తాళాలు మొలలో దోపుకుని తిరిగే అత్తగారు డోన్యా బ్రిహిదా, ఆవిడ నోరు మెదపనివ్వని కోడలు ఔరెలియా, పడవవాడు సిల్వేరియో. వాక్యాలు పేజీల పొడుగున ఉండేవి. ఒక్క కామా ఎగ్గొట్టేవాడు కాదు. “కామా అంటే రాసినాయన అక్కడ ఊపిరి పీల్చుకున్నాడని. ఆయన ఊపిరి తియ్యడానికి మనమెవరం?” అనేవాడు.

పుస్తకంలో పావు వంతు అయ్యేసరికి నాన్న గొంతు బొంగురుపోయింది. కషాయాలన్నీ అయ్యాయి. సాంతా క్లారా ఆసుపత్రిలో గొంతులో కంతి ఉందన్నారు, కోసి తీశారు. వానాకాలం అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదన్నారు.

మేనేజరు వెంటనే రామిరో పేరెత్తాడు. పక్క ఊళ్ళో రేడియోలో పాటల కార్యక్రమం నడిపే కుర్రాడు, వెన్న పూసిన గొంతు. రామిరో ఒకసారి ఆ కుర్చీ ఎక్కాడంటే ఇక దిగడని అందరికీ తెలుసు. తొమాసాయే లేచి నిలబడింది. “మాస్టారి కుర్చీ మాస్టారి ఇంట్లోనే ఉండాలి. మిగ్దాలియా చదువుతుంది. నచ్చకపోతే అప్పుడు చూద్దాం,” అంది.

ఇంటికొచ్చి చెప్తే నాన్న రెండు చేతులూ ఊపాడు, పుస్తకం చూపించాడు, గాలిలో చిన్న గీత గీశాడు. ఆయనకి నోరు లేని ఆ రోజుల్లో అమ్మే ఆయన నోరు.

“ఏమంటున్నాడే అమ్మా?”

“ఏమంటాడు! కామాలు జాగ్రత్త అంటున్నాడు. గొంతు కోయించుకున్నా బుద్ధి మాత్రం అదే,” అంది అమ్మ ఎనెయిదా, కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ.

కుర్చీ ఎక్కిన మొదటి రోజే నాకు విషయం అర్థమైంది. ఆ పుస్తకాన్ని మోసింది నాన్న గొంతు. నా గొంతులో అది ఉప్పు బస్తాలా కూలబడింది. వాక్యం మొదలుపెడితే ఎక్కడ తేలతానో తెలిసేది కాదు. క్రియ వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోయేదాన్ని. ఉప్పు మళ్ళ మీద కోర్టు వ్యాజ్యం ఒకటి మొదలైంది, అది తెగదు. రాత్రి ముందే చదువుకుని వెళ్ళినా మర్నాడు నాలుక మెలికపడేది.

“ఒసే, పడవవాడు ఎక్కడే? మునిగిపోయాడా?” అని అరిచేది తొమాసా.

“వస్తాడక్కా, కోర్టు అయ్యాక.”

“ఆ కోర్టు అయ్యేసరికి నాకు పింఛనొస్తుంది.”

హాలంతా నవ్వు. ఆ నవ్వుల్లో ఒకరోజు ఉల్పియానో కత్తి నేల మీద పడింది. “చెయ్యి జారిందమ్మా,” అన్నాడు ముసలాయన, నా మొహం చూడకుండా. మర్నాడు ఇంకో ఇద్దరి చేతులు జారాయి. ఆ వారం చివరికి ఎవరూ చెయ్యి జారిందని చెప్పడం కూడా మానేశారు.

ఇంటికెళ్తే నాన్న గుమ్మంలో ఎదురుచూస్తూ ఉండేవాడు. ఒక వేలు పైకెత్తేవాడు. ఎలా ఉందీ అని అడగడం.

“బాగుంది నాన్నా. అందరూ చెవులు రిక్కించి వింటున్నారు.”

ఆయన మొహం విచ్చుకునేది. అది చూశాక నాకు అమ్మ వండిన నల్ల చిక్కుళ్ళు గొంతు దిగేవి కావు.

శుక్రవారం తొమాసా నన్ను పక్కకి పిలిచింది. ఆ రోజు దాని గొంతులో వెటకారం లేదు, అదే నాకు భయం వేసింది. “చూడు మిగ్దా. నేను ఆపగలిగినన్నాళ్ళు ఆపాను. సోమవారం రామిరో మీద ఓటు పెడతారట. మీ నాన్నకి నువ్వే మెల్లిగా చెప్పుకో,” అంది.

శని, ఆదివారాలు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ముందు వస్తున్న అధ్యాయం చూస్తే కళ్ళు బైర్లు కమ్మాయి. అధ్యాయం మొత్తం డోన్యా బ్రిహిదాయే. ముసలావిడ ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళి కిటికీలు మూస్తుంది, తలుపులకి గడియలు పెడుతుంది. అంతే. పేజీలకి పేజీలు గడియలే. మొదటి రెండు గదులు చదివి పుస్తకం మూసేశాను. సోమవారం ఇది చదివితే ఆ పూటే రామిరోకి కబురెళ్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం మధ్యాహ్నం కుర్చీ ఎక్కాను. పుస్తకం తెరిచాను. ముసలావిడ చేతిలో దీపంతో మొదటి గదిలో అడుగు పెట్టింది. కింద ఎవరో గట్టిగా ఆవులించారు. ఇంకెవరో కత్తిని బల్ల అంచుదాకా జరిపి, పడెయ్యడానికి సిద్ధంగా పట్టుకున్నారు. నా కళ్ళు పేజీ మీదే ఉన్నాయి. నోరు మాత్రం తన దారిన తాను పోయింది.

“ఆ గది గుమ్మంలోనే డోన్యా బ్రిహిదా చెయ్యి గుండె మీదికి పోయింది. దీపం కింద పడింది. ఆమె మరి లేవలేదు.”

బల్ల అంచున ఉన్న కత్తి వెనక్కి జరిగింది. తర్వాత తొమాసా అరుపు. “చచ్చిందా? ముసలిది చచ్చిందా?”

“తాళాల గుత్తి ఔరెలియా తీసుకుంది,” అని చదివాను, పేజీలో లేనిది. “ఆ రాత్రే పడవల రేవుకి కబురంపింది.”

వడగళ్ళు పడ్డాయి. కత్తులు బల్లలు పగిలేట్టు మోగాయి. ఉల్పియానో లేచి నిలబడి మరీ కొట్టాడు. రామిరో ఊసు ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

నిండా మునిగాక చలేమిటి! అక్కడి నుంచి పుస్తకం నా చేతిలో వట్టి ముసుగే అయింది. ఔరెలియాని పడవెక్కించాను. తుపాను తెప్పించాను. సిల్వేరియోకి సైన్యంలోంచి పారిపోయిన తమ్ముణ్ణి పుట్టించాను. పొద్దున పేపరు చదివాక ఈనెలు తీస్తూ అల్లుకునేదాన్ని, మధ్యాహ్నం చదివేదాన్ని. సమయానికి పేజీ తిప్పడం మాత్రం మరిచిపోలేదు. సంతోషం లేదంటే అబద్ధమే అవుతుంది. ఆ కత్తుల మోత తలకెక్కుతుంది, నాలాంటి ఈనెల మనిషికి మరీను. కానీ ఇంటి దారి పట్టేసరికి దిగిపోయేది. తేలు కుట్టిన దొంగలా ఇంట్లోకి వెళ్ళేదాన్ని.

విచిత్రమేమంటే, నాన్న ఆ మధ్య వేలెత్తి అడగడం మానేశాడు. గాలి మంచిదని డాక్టరు చెప్పాడని రోజూ మధ్యాహ్నం టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళొచ్చేవాడు. నేను వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాడు. నేను కూడా ఏమీ చెప్పేదాన్ని కాదు. అడగకపోవడమే అదృష్టం అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన ఏటవాలుగా కొట్టింది. జల్లు పుస్తకం మీద పడుతోందని అరుగు వెనక కిటికీ మూయడానికి లేచాను. వీధికి అవతల మంగలి ఫెర్మిన్ దుకాణం. గలేరా గోడకున్న లౌడ్‌స్పీకరు మాటలు అక్కడికి శుభ్రంగా వినబడతాయి. ఆ వరండాలో, మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని, నాన్న.

ఫెర్మిన్ నన్ను చూసి చెయ్యూపాడు. “మీ నాన్న ఇక్కడ కుర్చీ అద్దెకి తీసుకున్నాడమ్మా! నువ్వు చదవడం మొదలెట్టిన రోజు నుంచీ వానొచ్చినా వరదొచ్చినా ఇక్కడే!” అని అరిచాడు నవ్వుతూ.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. నా పని అంతకంటే ఏం బాగుంది? నేను నత్తిగా చదవడం, కత్తులు పడటం, అందరూ చెవులు రిక్కించారని ఇంటికొచ్చి చెప్పడం, అన్నీ ఆయనకి తెలుసు. ముసలావిడ చచ్చిన రోజు ఆయన అక్కడే కూర్చుని విన్నాడు. మా కళ్ళు కలిశాయి. కోపం ఉందేమోనని వెతికాను. ఆయన గడ్డం కొంచెం పైకెత్తాడు. వెళ్ళు, వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

మళ్ళీ మైకు ముందు కూర్చున్నాను. నాన్న వింటుండగా కల్పించడం నా వల్ల కాలేదు. పుస్తకంలో ఉన్నదే రెండు వాక్యాలు చదివాను. “ఇదేమిటే, చచ్చిన ముసలిది మళ్ళీ తాళాలు దోపుకుంటోందేం?” అంది తొమాసా. “పొరపాటున వెనక పేజీ తిరిగిందక్కా,” అన్నాను. అని, సిల్వేరియో పడవని మళ్ళీ నీళ్ళలోకి నెట్టాను. వీధికి అవతల ఆయన వింటున్నాడని తెలిసీ చివరిదాకా అబద్ధమే చదివాను. నేను చేసినవాటిలో నాకు బాగా సిగ్గనిపించేది అదే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయాను. “నాన్నా, అత్తగారిని చంపేశాను.”

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. “ఏ అత్తగారినే? నీకింకా పెళ్ళే కాలేదు కదే!”

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. అంతా చెప్పాను, ఓటు సంగతితో సహా. నాన్న వింటూ పళ్ళెంలో అరటికాయ ముక్కలు ఒక పక్కకి జరుపుతూ కూర్చున్నాడు. అయ్యాక లేచి పుస్తకం తెచ్చాడు. నేను ఆపేసిన ఆ గడియల అధ్యాయం దగ్గర ఒక పొగాకు ఈనె గుర్తుగా పెట్టి, మళ్ళీ అలమారులో పెట్టేశాడు.

“ఏమంటున్నాడమ్మా?”

అమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది. “ఏమీ అనట్లేదే,” అంది.

ఎక్కడ ఆపాలో తెలీక, మర్నాటి నుంచీ అల్లిందే చదువుతూ పోయాను. అక్టోబరులో డాక్టరు మాట్లాడొచ్చన్నాడు. కొంచెం కొంచెంగా, రోజుకి కాసేపు. పోయిన గొంతు పూర్తిగా తిరిగి రాదనీ, ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోమనీ చెప్పాడు. నాన్న గొంతులో మొదట విన్న మాట “కాఫీ” అని. తలుపు కింద ఇసక గీసుకున్నట్టుంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి కాఫీ పట్టుకొచ్చింది.

ఆయన ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళే రోజు పొద్దున దారికి అడ్డం నిలబడ్డాను. “ముందు నన్ను చెప్పనీ నాన్నా. అంతా నేను అల్లిందని చెప్పేస్తాను. తర్వాత నువ్వు అసలుది చదువుకో.”

“పక్కకి జరుగు,” అన్నాడు. అంతే అన్నాడు.

ఆయన అరుగెక్కుతుంటే గలేరా మొత్తం మోగింది. ఆయన టోపీ తీసి, కుర్చీలో సర్దుకుని, పుస్తకం తెరిచాడు. నేను ఈనెల గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు చదువుతాడు. ముసలావిడ దీపం పట్టుకుని గదిలోకి వెళ్తుంది. కత్తులన్నీ నేల మీద పడతాయి. జీవితమంతా సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో నా మూలాన పోతుంది. నా గోళ్ళు గుమ్మం చెక్కలోకి దిగాయి.

నాన్న కళ్ళద్దాలు సవరించుకున్నాడు. పేజీ వైపు చూశాడు.

“తుపాను వెలిసిన తెల్లవారుజామున,” అని మొదలుపెట్టాడు, “సిల్వేరియో పడవ తెరచాప లేకుండా రేవుకి కొట్టుకొచ్చింది.”

నేను శుక్రవారం వదిలిన చోటు నుంచి. కామాతో సహా.

కళ్ళు పేజీ మీదే ఉన్నాయి. వేలు వరస వెంట నడుస్తోంది. సమయానికి పేజీ తిప్పాడు. గొంతు చిన్నది కదా, అందరూ పని నెమ్మది చేసుకుని మరీ విన్నారు. తొమాసా ముక్కు తుడుచుకుంది. ఒక్క కామా ఎగ్గొట్టని మనిషి, ఊరంతటి ముందు, పుస్తకంలో లేని మాటలు పుస్తకంలోంచి చదువుతున్నాడు. నన్ను కాపాడటానికి. నేను తల దించుకున్నాను. ఆ రోజు ఎన్ని ఆకులు చింపి పాడుచేశానో నాకే తెలీదు.

కొద్ది రోజుల్లోనే కథ ముగించాడు. ఔరెలియా, సిల్వేరియో పెళ్ళి. మోత ఆగాక ఉల్పియానో అడిగాడు. “అయిపోయిందా మాస్టారూ? ఇంకా సగం పైన మిగిలున్నట్టుందే పుస్తకం?”

“మిగతాదంతా పండితుల వ్యాఖ్యానం,” అన్నాడు నాన్న.

మర్నాడు కుర్చీ వదులుకున్నాడు. గొంతు సహకరించడం లేదన్నాడు. అందరూ నమ్మారు, బాధపడ్డారు, చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు. ఆ కుర్చీ ఆయనకి దక్కాలనే కదా ఇంత చేశాను! చివరికి అది నాకొచ్చింది. కుర్చీ వదిలింది గొంతు కోసం కాదని మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

చలిగాలులు మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న అలమారు తెరిచి ఆ పుస్తకం తెచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, ఈనె పెట్టిన చోట తెరిచాడు.

“వద్దు నాన్నా. డాక్టరు ఏం చెప్పాడు? నేను చదువుకుంటాలే.”

“నువ్వు చదవవు. విను,” అన్నాడు.

ప్రతి ఆదివారం ఒక గది. అంతకు మించి గొంతు వచ్చేది కాదు. ముసలావిడ దీపంతో గదిలోకి వెళ్ళేది. ఆ గదిలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ కుర్చీ కాలు ఎవరి పెళ్ళిలో విరిగిందో తలుచుకుంటూ కిటికీ మూసేది, గడియ పెట్టేది. మొదటి వారం నాకు నిద్రొచ్చింది. రెండో వారం రాలేదు. తర్వాత నుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. నాన్న మధ్యలో ఆగి గోరువెచ్చని నీళ్ళు తాగేవాడు, మెడ పట్టుకునేవాడు, మళ్ళీ కామా దగ్గర నుంచి అందుకునేవాడు.

క్రిస్మస్ ముందు ఆదివారం చివరి గది వచ్చింది. కోడలి గది. కోడలు లేదు. పడవల రేవులో ఉంది. ముసలావిడకి ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. పక్క దుప్పటి సర్దింది. కిటికీ మూసింది. వీధి వైపు తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి, చెయ్యి తీసేసింది. ఆ ఇంట్లో ఆ ఒక్క తలుపుకి గడియ పెట్టకుండా దీపం ఆర్పి వెళ్ళి పడుకుంది. పొద్దున కోడలి మొహం చూసి ఏమీ అడగలేదు.

నాన్న పుస్తకం మూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. మంగలి వరండా, మోకాళ్ళ మీద టోపీ, ఎత్తడం మానేసిన ఆ వేలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఈ మనిషినా నేను గుమ్మంలోనే చంపి పారేసింది!

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. “అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలు కంట నీరొచ్చిందట. అలా ఉంది నీ సంబడం,” అంది. కానీ తన కొంగుతోనే నా మొహం తుడిచింది.

“గలేరాలో చెప్పేస్తాను నాన్నా.”

“చెప్తే ఇద్దరం చెప్పాలి,” అన్నాడు. గొంతు పూర్తిగా గాలైపోయింది. ఉన్న కాస్తా నా మీద ఖర్చు పెట్టేశాడు.

ఆయన్ని బయట పెట్టకుండా నేను బయటపడే దారి లేదు. అందుకని నోరు మూసుకున్నాను. కానీ కొత్త నవలకి ఓటింగు వచ్చిన రోజు తొమాసా లేచింది. “పాతదే మళ్ళీ చదవవే మిగ్దా. ఆ సముద్రం నవల. ముసలిది చచ్చే చోటు ఇంకోసారి వినాలనుంది,” అంది. ఎత్తని చెయ్యి లేదు, నాది తప్ప.

మొదటి పేజీ నుంచి చదివాను. ఒక్క కామా ఎగ్గొట్టలేదు. కోర్టు వ్యాజ్యం కూడా చదివాను. తమాషా ఏమిటంటే ఈసారి ఎవరూ ఆవులించలేదు, ముందు ప్రేముందని తెలుసు కాబట్టో, నా నాలుక కాస్త తిరిగినందుకో. రోజూ కిటికీలోంచి చూసేదాన్ని. వరండాలో టోపీ కనబడేది. ఆ అధ్యాయం దగ్గరపడుతున్న కొద్దీ నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఆ రోజు వచ్చింది. డోన్యా బ్రిహిదా దీపం పట్టుకుని గుమ్మంలో అడుగు పెట్టింది. అందరూ కత్తులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, మోగించడానికి. నేను చదివాను. ముసలావిడ గదిలోకి వెళ్ళింది. కిటికీ మూసింది. గడియ పెట్టింది.

“ఇక్కడ చావాలి కదే?” అంది తొమాసా.

“చావదక్కా.”

“అదేంటి? పోయినసారి చచ్చిందిగా! నా చెవులారా విన్నాను. మాస్టారు కూడా ఆవిడ చచ్చాకే కదా మిగతాదంతా చదివింది!”

వెనక్కి తిరిగి చూశాను. వరండాలో టోపీ లేదు. నాన్న గలేరా గుమ్మంలో ఉన్నాడు. బల్లల మధ్య నుంచి మెల్లిగా నడిచొచ్చి, అరుగెక్కి, మైకు తన వైపు తిప్పుకున్నాడు.

“చంపింది మా అమ్మాయి,” అన్నాడు. ఆ గాలి గొంతు లౌడ్‌స్పీకరులో వీధిదాకా వెళ్ళింది. “పూడ్చింది నేను.”

మొదట ఉల్పియానో కత్తి పడింది.

“ఈసారి చెయ్యి జారలేదు మాస్టారూ,” అన్నాడు ముసలాయన. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

తర్వాత తొమాసాది. ఆ తర్వాత వరసగా అన్నీ. అంత ఇనుప చప్పుడు ఆ గలేరాలో నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు, చివరి కత్తి పడేదాకా. అప్పుడు అరుగు మెట్టు మీద కూర్చున్నాడు.

నన్ను దిగిపొమ్మంటారని చూశాను. ఎవరూ అనలేదు. నా మొహం మాత్రం ఎవరూ చూడలేదు. మైకు మళ్ళీ నా వైపు తిప్పుకుని, రెండో గది నుంచి చదివాను.

ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ కుర్చీ కాలు ఎప్పుడు విరిగిందో. ఒక గది, ఇంకో గది. నీళ్ళు కూడా తాగలేదు. మేనేజరు పని ఎందుకు ఆగిందో చూడటానికి వచ్చి, గుమ్మంలో ఆగి, అక్కడే నిలబడిపోయాడు. చివరికి కోడలి గది వచ్చింది. దుప్పటి సర్దింది. గడియ మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసేసింది.

పని ముగిసిన సైరన్ మోగింది. తొమాసా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది. కత్తులన్నీ ఇంకా నేల మీదే ఉన్నాయి. అవి పడ్డాక ఒక్క చుట్ట కూడా చుట్టలేదు. కోపంతో కత్తులు తియ్యలేదో, వంగి తీసుకోవడం మరిచిపోయారో, నేనెప్పుడూ అడగలేదు.